బర్మా అడవి యుద్ధం, మా కోరంగి బురద

పోయిన కార్తీకంలో కాకినాడ వెళ్ళినప్పుడు, తాళ్ళరేవు దగ్గర చేపల వేటకి వెళ్ళే ఒకాయన్ని బతిమాలి ఆయన నావలో కోరంగి మడ అడవిలోకి వెళ్ళాను. టూరిస్టుల కోసం వేసిన చెక్క వంతెన మీద ఇదివరకు చాలాసార్లు నడిచాను, కానీ ఈసారి నాకు కావలసింది వంతెన కాదు, బురద. ఒక సన్నటి పాయలోకి తిరిగాక, ఇక్కడ దిగి కాస్త దూరం నడుస్తానండీ అన్నాను. ఆయన గెడ ఆపి, "ఇప్పుడొద్దు బాబూ, పాటండి, నీళ్ళు తీసేస్తున్నాయి. కాలు దిగిందంటే రాదండి" అన్నారు. అయినా దిగాను. మోకాలి పైదాకా దిగిపోయింది. ఒక కాలు లాగేలోపు రెండోది ఇంకా లోతుకి వెళ్ళిపోతుంది, చేత్తో ఏదైనా పట్టుకుందామంటే మడచెట్ల ఊపిరి వేళ్ళు మేకుల్లా బురదలోంచి పొడుచుకొచ్చి ఉంటాయి. పది నిమిషాల్లో పాతిక అడుగులు కూడా నడిచి ఉండను. నా చేతిలో సంచీ కూడా లేదు. చివరికి ఆయనే గెడ అందించి లాగారు.

ఎందుకు దిగానో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకీ జపాన్ వాళ్ళకీ మధ్య జరిగిన బర్మా యుద్ధం గురించి రెండేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను, చదివిన ప్రతిచోటా "బురద", "దోమలు", "వాన" అనే మాటలు వస్తాయి, కళ్ళు వాటిని దాటేసి తుపాకుల దగ్గరికి వెళ్ళిపోతాయి. ఒక్కసారైనా ఆ మాటల దగ్గర ఆగి చూడాలనిపించింది.

1945 జనవరి 12న బర్మా పడమటి తీరంలో, అరకాన్‌లో, మ్యెబాన్ అనే చోట బ్రిటిష్ 3వ కమాండో బ్రిగేడ్ ఒడ్డుకి దిగింది. ఆ తీరాన్ని మ్యాపులో చూస్తే మన కోరంగే అనిపిస్తుంది. అవే మడచెట్లు, అవే పాయలు, అదే పోటూ పాటూ. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున మనం, ఆ ఒడ్డున వాళ్ళు, అంతే తేడా. మనం పాయ అనేదాన్ని వాళ్ళు చాంగ్ అంటారు. పడవలు రాకుండా జపాన్ వాళ్ళు నీళ్ళలో గుంజలు పాతిపెట్టారు. ముందుగా ఒక చిన్న దళం రాత్రిపూట చప్పుడు లేకుండా వెళ్ళి, ఆ గుంజలకి టైము పెట్టిన పేలుడుమందు కట్టి, పడవలకి సందు చేసింది. మొదట దిగినవాళ్ళ పని కొంత నయం. నీళ్ళు వెనక్కి తగ్గాక దిగినవాళ్ళు మాత్రం నడుంలోతు బురదలో, తుపాకులు తడవకుండా పైకెత్తి పట్టుకుని, ఒకరినొకరు లాక్కుంటూ ఒడ్డెక్కారు. ఈ వాక్యం నేను మూడు చోట్ల చదివాను. అది ఎలాంటి పనో తాళ్ళరేవు ఆయన గెడ పట్టుకున్నప్పుడు గానీ తెలియలేదు.

పది రోజుల తర్వాత, జనవరి 22న, అదే బ్రిగేడ్ కాంగా దగ్గర దిగింది. అరకాన్ నుంచి వెనక్కి తగ్గుతున్న జపాన్ దళాలకి మిగిలిన దారి ఆ ఊరి పక్క నుంచే వెళ్తుంది, దాన్ని మూసేయాలన్నది ప్లాను. దగ్గరి దారిలో వెళితే కనిపెట్టేస్తారని పడవల్ని చుట్టు తిప్పి, డైంగ్‌బాన్ చాంగ్ అనే పాయలోంచి, మడచెట్ల మధ్యనుంచి తీసుకెళ్ళారు. అక్కడ 170 అడుగుల ఎత్తున్న ఒక గుట్ట ఉంది, ఎత్తుని బట్టే దానికి హిల్ 170 అని పేరు. మన లంకల్లో పుట్టినవాడికి 170 అడుగులంటే కొండే, చుట్టూ అంతా పల్లం, బురద, వరిచేలు. ఆ గుట్ట ఎవరి చేతిలో ఉంటే ఆ రేవు, దారి వాళ్ళవి.

జనవరి 31 తెల్లవారకముందు జపాన్ వాళ్ళు ఆ గుట్ట ఉత్తరపు కొస మీద విరుచుకుపడ్డారు. అక్కడున్నది నంబర్ 1 కమాండో అనే దళానికి చెందిన లెఫ్టినెంట్ జార్జ్ నోలండ్, ఆయన దగ్గర 24 మంది. బ్రెన్ గన్ అనే తేలిక మెషిన్ గన్ పేల్చే మనుషులు గాయపడితే ఆ గన్ తానే తీసుకుని నిలబడి కాల్చాడు, కందకంలోంచి కాలిస్తే పల్లంలో ఉన్నవాళ్ళు కనబడరు కాబట్టి. తర్వాత నేలమీద ఆనించి వాడే చిన్న మోర్టార్‌ని చెట్టుకి ఆనించి ఎదురుగా పేల్చాడు. అదీ అయిపోయాక టామీ గన్. అక్కడే చనిపోయాడు. బ్రిటిష్ వాళ్ళ అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ రోజు ముగిసేసరికి గుట్ట వాళ్ళ చేతుల్లోనే ఉంది, కమాండోల్లో 45 మంది పోయారు, 90 మంది గాయపడ్డారు, జపాన్ శవాలు 340కి పైనే లెక్కతేలాయి. ఎకరాల్లో చెప్పుకోదగ్గ చిన్న చోటులో ఇంతమంది.

కాంగా గురించి మనవాళ్ళకి తెలియాల్సింది ఇంకొకటి ఉంది. కమాండోలు దిగి పట్టుకున్న చోటు నుంచి ముందుకు వెళ్ళి ఆ దారిని మూసే పనిలో 51వ ఇండియన్ బ్రిగేడ్ పాలుపంచుకుంది. అందులో మూడు బెటాలియన్లు, మూడింటికీ కమాండర్లు భారతీయులే. 8/19 హైదరాబాద్‌కి, అంటే 19వ హైదరాబాద్ రెజిమెంటులో 8వ బెటాలియన్‌కి, తిమ్మయ్య, 2/2 పంజాబ్‌కి థొరాట్, 16/10 బలూచ్‌కి ఎల్.పి. సేన్. ముగ్గురికీ ఆ పోరాటంలోనే అధికారులకి ఇచ్చే బ్రిటిష్ పతకం డీఎస్‌వో వచ్చింది. తిమ్మయ్య తర్వాత మన సైన్యాధ్యక్షుడయ్యాడు. కమాండో అనగానే ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్లవాడి బొమ్మ గుర్తొస్తుంది కానీ, ఆ మడ అడవిలో నిలబడినవాళ్ళలో చాలామంది ఈ నేల మనుషులు.

మడ అడవిలో ఇంకో చిత్రం ఉంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. నావలో వెళ్ళేవాళ్ళు బిందె నిండా మంచినీళ్ళు పెట్టుకునే బయల్దేరతారు. అదే అరకాన్ తీరంలో రామ్రీ అనే దీవి ఉంది, 1945 ఫిబ్రవరిలో ఒక వెయ్యి మంది దాకా జపాన్ సైనికులు అక్కడి మడలోకి తప్పించుకుపోయారు. వాళ్ళని మొసళ్ళు తినేశాయని ఒక కథ ప్రపంచమంతా తిరుగుతోంది, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా రెండు మూడు సార్లు వచ్చింది. దయచేసి నమ్మకండి. అంతమందిని మొసళ్ళు తిన్నాయనడానికి సరైన ఆధారం లేదని చరిత్రకారులు తేల్చారు. దాహం, రోగం, నీళ్ళలో మునగడం, పాయల మూతుల దగ్గర కాపలా ఉన్న పడవల నుంచి కాల్పులు, వీటితోనే పోయారు. మొసలి కథ చెప్పడానికి బాగుంటుంది, దాహం కథ బాగుండదు, అందుకే మొదటిది మిగిలింది.

నేను చెప్పాలనుకుంటున్నది కూడా ఇదే. అడవి యుద్ధాన్ని ధైర్యం గెలిపించిందని అంటారు. నేను చదివినంతలో దాన్ని గెలిపించింది మోత. బియ్యం ఎవరు మోయగలిగారు, మందులు ఎవరు మోయగలిగారు, పడిపోయిన మనిషిని ఎవరు మోయగలిగారు, అన్నదే.

మొదట్లో బ్రిటిష్ వాళ్ళకి ఇది తెలియదు. మలయాలో అడవి దాటరానిదని రోడ్ల మీద కాపు వేసుకుని కూర్చున్నారు, జపాన్ వాళ్ళు సైకిళ్ళేసుకుని రబ్బరు తోటల్లోంచి చుట్టుదిరిగి వెనక దారి మూసేశారు. వెనక దారి మూసుకుంటే బియ్యం, గుండ్లు ఆగిపోతాయి కాబట్టి సైన్యం వెనక్కి పరిగెత్తింది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చి 8న రంగూన్ పోయాయి. ఆ తర్వాత గానీ అడవిలో బతకడం నేర్పే శిక్షణ మొదలవలేదు. మధ్య పరగణాల్లో చింద్వాడా దగ్గర, ఉత్తరాన సహారన్‌పూర్ దగ్గర రెండు డివిజన్లని అచ్చంగా ఆ శిక్షణకే పెట్టారు, అది కూడా 1943లో.

ఇక్కడ మన ఏజెన్సీ మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. అడవిలో రోడ్డు మీద కూర్చునే సైన్యం పనికిరాదన్న సంగతి అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే రంపలో అల్లూరి సీతారామరాజు మనుషులు వాళ్ళకి చూపించారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు కాల్పుల్లో చనిపోయాక, మైదానం పోలీసులతో పని కాదని అర్థమై అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు, కొండల్లో నడవడం తెలిసినవాళ్ళు కాబట్టి. అదే అస్సాం రైఫిల్స్ 1942 తర్వాత బర్మా సరిహద్దులో వి ఫోర్స్ అనే నిఘా దళానికి వెన్నెముక అయింది. మన్యంలో మనవాళ్ళని వేటాడిన పటాలమే ఆ పని చేసిందంటే నాకు ఎలాగో ఉంటుంది, కానీ నిజం నిజమే.

రోగాల సంగతి. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో ఒక మనిషిని వెనక్కి పంపితే, జబ్బుతో 120 మందిని పంపాల్సి వచ్చేదని ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ లెక్క. ఏడాదికి నూటికి 84 మందికి మలేరియా. దోమలంటే మన డెల్టా వాళ్ళకి ఒకరు చెప్పాలా, కానీ ఇది చదివి నేను కూడా పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మెపాక్రిన్ అనే మాత్ర రోజూ వేసుకుంటే జ్వరం ఆగుతుంది, ఒళ్ళు మాత్రం పసుపుగా మారుతుంది. దాంతో మగతనం పోతుందని పుకారు పుట్టి కుర్రాళ్ళు మింగడం మానేశారు. స్లిమ్ ఏం చేశాడంటే, చెప్పకుండా వెళ్ళి పటాలం మొత్తానికీ పరీక్ష చేయించేవాడు, నూటికి 95 మంది ఒంట్లో మందు కనబడకపోతే ఆ పటాలం కమాండర్‌ని తీసేసేవాడు. ముగ్గుర్ని తీసేశాక మిగతావాళ్ళు దారికొచ్చారు. నన్నడిగితే బర్మా యుద్ధంలో ఒక పెద్ద గెలుపు ఆ మాత్ర మింగించడమే. దాని మీద ఎవరూ సినిమా తీయరు.

ఇప్పుడు చిండిట్లు. బర్మా యుద్ధంలో అందరికీ తెలిసిన పేరు ఇదే. బర్మా పగోడాల గుమ్మాల్లో కాపలా కూర్చునే సింహం బొమ్మని చింథే అంటారు, ఆ మాటనుంచి వచ్చింది. ఆర్డ్ వింగేట్ అనే బ్రిగేడియర్, శత్రువు వెనక అడవిలోకి వెళ్ళి రైలు పట్టాలు, వంతెనలు పేల్చే దళం కావాలని పట్టుబట్టి 77వ ఇండియన్ బ్రిగేడ్‌ని తయారు చేశాడు. అందులో లివర్‌పూల్ పటాలం వాళ్ళు, అంటే ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు, గూర్ఖాలు, కరెన్, కచిన్, చిన్ కొండజాతుల వాళ్ళున్న బర్మా రైఫిల్స్, పేలుడు పనికి 142 కమాండో కంపెనీ. మొత్తం 3,000 మంది. 1943 ఫిబ్రవరి నడుమ ఇంఫాల్ నుంచి సరిహద్దులోని తమూ అనే ఊరి మీదుగా వచ్చి చింద్విన్ నది దాటారు. మార్చి 6న రెండు దళాలు మాండలే–మిట్‌కినా రైలుమార్గాన్ని పేల్చాయి. తర్వాత ఇరావతి కూడా దాటి ఇంకా లోపలికి వెళ్ళారు, అక్కడితో కష్టాలు మొదలయ్యాయి.

ఒక్కొక్కరి వీపు మీద 30 కిలోల పైచిలుకు బరువు. అర బస్తా ధాన్యం వీపున వేసుకుని రోజంతా కొండెక్కినట్టు అనుకోండి. తిండి విమానం నుంచి పారాచూట్లతో జారవిడుస్తారు, గట్టి బిస్కెట్లు, ఎండుద్రాక్ష, బాదం, చీజ్, టీ పొడి, పంచదార. విమానం వస్తే తిండి, రాకపోతే లేదు. ఒక్కో పొట్లం ఐదు రోజులకని ఇస్తే దాన్ని ఎనిమిది పది రోజులకి లాగిన దళాలున్నాయి. చివర్లో కంచరగాడిదల్ని కోసుకుని తిన్నారు. నడవలేని గాయాలవాళ్ళని, రోగుల్ని, చెట్టు కింద నీళ్ళసీసా పెట్టి, లేదా దగ్గర పల్లెలో అప్పగించి వదిలేయాల్సి వచ్చింది. 3,000 మందిలో తిరిగొచ్చింది 2,182 మంది. వాళ్ళలో 600 మంది మళ్ళీ యుద్ధానికి పనికిరాలేదు. కొందరు వెయ్యి మైళ్ళకి పైగా నడిచారు.

దానివల్ల ఒరిగిందేమిటని ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. రైలుమార్గాన్ని జపాన్ వాళ్ళు త్వరలోనే బాగుచేసుకున్నారు. నా ఉద్దేశంలో పట్టాల కోసమైతే అంత ప్రాణనష్టం దండగ. కానీ రోడ్డు లేకుండా, ఆకాశం నుంచి బియ్యం దింపుతూ సైన్యాన్ని అడవిలో బతికించవచ్చని అప్పుడే తేలింది, మిగతా యుద్ధమంతా ఆ పాఠం మీదే నడిచింది.

రెండోసారి, 1944లో, నడకతో కాకుండా గాలిలో వెళ్ళారు. మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు, బయల్దేరాలి. దిగాల్సిన మైదానాలు రెండు, పికడిలీ, బ్రాడ్‌వే అని లండన్, న్యూయార్క్ వీధుల పేర్లు పెట్టారు. బయల్దేరే ముందు ఒక ఫోటో వచ్చింది, పికడిలీ నిండా అడ్డంగా దుంగలు. జపాన్ వాళ్ళకి తెలిసిపోయిందేమోనని అందరికీ టెన్షన్. చివరికి అందరినీ బ్రాడ్‌వేకే పంపారు. తర్వాతెప్పుడో తెలిసిందేమిటంటే, ఆ దుంగల్ని వేసింది అక్కడి కలప పనివాళ్ళు, ఆరబెట్టడానికి. బ్రాడ్‌వేలోనూ కలపే దెబ్బతీసింది, ఏనుగులు టేకు మానుల్ని ఈడ్చిన గాళ్ళు గడ్డి కింద కనబడక గ్లైడర్లు వాటిలో పడి ముక్కలయ్యాయి, వెనక వచ్చినవి వాటి మీద పడ్డాయి. అయినా మర్నాటి సాయంత్రానికి నేల చదును చేసి, అదే రాత్రి డకోటా విమానాలు దింపారు. వారం లోపల సుమారు 9,000 మంది మనుషులు, 1,300 పైన జంతువులు శత్రువు మధ్యలో దిగారు.

మా ఇంటి సింహద్వారం గుమ్మం బర్మా టేకు. డెల్టాలో పాత మండువా ఇళ్ళున్నవాళ్ళకి ఇది మామూలే, స్తంభాలు, దూలాలు, ఉయ్యాల బల్ల, అన్నీ రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి, ఓడల్లో వచ్చిన కలపే. బ్రాడ్‌వే గాళ్ళ గురించి చదివిన రోజు ఆ గుమ్మం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ఇలాంటి మాను ఈడ్చిన గాడిలోనే కదా ఆ కుర్రాళ్ళు పడ్డది.

ఆ కంచరగాడిదల గురించి ఒక ముక్క. అడవిలో అవి అరిస్తే శత్రువుకి తెలిసిపోతుందని, బయల్దేరే ముందు వాటికి మత్తిచ్చి స్వరపేటిక కోసేశారు. గొంతు లేని జంతువులు వందలకొద్దీ రేడియోలు, బ్యాటరీలు, మోర్టార్లు మోసుకుంటూ కొండలెక్కాయి. ఆ రేడియో లేకపోతే విమానం రాదు, విమానం రాకపోతే తిండి లేదు. ఇంత మోసిన వాటిలో వెనక్కి వచ్చినవి బహుకొద్ది.

ఆ ఏడు మార్చి 24న వింగేట్ మణిపూర్ కొండల్లో విమానం కూలి చనిపోయాడు. తర్వాత చిండిట్లని అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్ కింద పెట్టారు, దాడి చేసి మాయమవ్వాల్సిన తేలిక దళాన్ని ఊళ్ళ మీద ఎదురు యుద్ధానికి తోలారు. ఫిరంగులు లేవు, వానాకాలం మొదలైంది. జూన్ 26న కాల్వర్ట్ నడిపిన 77వ బ్రిగేడ్ మొగాంగ్ అనే ఊరు పట్టుకుంది, అప్పటికి ఆ బ్రిగేడ్‌లో సగం మంది చచ్చో గాయపడో ఉన్నారు. తుల్ బహదూర్ పున్ అనే గూర్ఖా జవాను ఒక్కడూ చీలమండ లోతు బురదలో పరిగెత్తి మెషిన్ గన్నుల ఇంటిని పట్టుకున్నది అక్కడే. చిండిట్లలోనే ఇంకొకటి, 111వ బ్రిగేడ్‌కి డాక్టర్లు పరీక్ష చేస్తే సుమారు 2,200 మందిలో పనికొచ్చేవాళ్ళు 118 మంది. బ్లాక్‌పూల్ అనే చోటు వదిలి వచ్చేటప్పుడు, ఇక బతకరని తేలిన 19 మందిని మోసుకెళ్ళేవాళ్ళు లేక, శత్రువు చేతికి వదల్లేక, తామే కాల్చేయాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్న అధికారి యుద్ధం అయ్యాక దాన్ని దాచకుండా రాశాడు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మోసే మనుషులు లేరు, అంతే.

జపాన్ వైపు కథ ఇంకా ఘోరం. 1943లో చిండిట్లు ఆ కొండలు దాటడం చూసి, అయితే మేమూ దాటగలమని జనరల్ ముటాగుచి అనుకున్నాడు. 1944 మార్చిలో సుమారు 85,000 మందితో ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చాడు. మూడు వారాల తిండి చేతికిచ్చాడు, మిగతాది ఇంఫాల్లో బ్రిటిష్ గోదాముల్లో దొరుకుతుందని. పశువుల మందల్ని వెంట తోలుకెళ్ళి కోసుకుతినండి అన్నాడు, అవి నదుల్లో, లోయల్లో చచ్చాయి. ఇంఫాల్ పడలేదు. కొహిమాలో ఉన్న జనరల్ సాటో, బియ్యం గింజ పంపని పైవాళ్ళ ఆజ్ఞని పక్కనపెట్టి తన మనుషుల్ని వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. వెనక్కి వెళ్ళే దారిలో, ఆ వానల్లో, ఆకలితో రోగాలతో పోయినవాళ్ళే ఎక్కువ. మొత్తం 30,000 మంది దాకా.

ఇదంతా చదివేటప్పుడు నా మనసులో ఒక్క మనిషి మెదులుతూనే ఉంటాడు. మా తాతయ్య, అమ్మవాళ్ళ నాన్న.

కోరంగి రేవు నుంచి రంగూన్‌కి ఓడలు నడిచిన కాలం ఒకటుంది, అక్కడ మన తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. మన వాళ్ళకి రంగూన్ అంటే రంగం. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకి వెళ్ళాడని. మా ముత్తాత అక్కడ రేవులో బస్తాలు మోసేవాడు. తాతయ్య అక్కడే పుట్టాడు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు ఆయనకి పదమూడేళ్ళు, చెల్లెలికి ఎనిమిది. ఓడలో చోటు దొరకలేదు. ఫిబ్రవరిలో రైల్లో మాండలే, అక్కడినుంచి మొనివా, చింద్విన్ మీద స్టీమర్‌లో కలేవా, ఆ తర్వాత నడక. కబా లోయ గుండా తమూ, కొండలెక్కి పలేల్, ఇంఫాల్, చివరికి దిమాపూర్‌లో రైలు. బర్మా నుంచి ఇలా సుమారు ఐదు లక్షల మంది భారతీయులు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు వేలల్లో. తెల్లవాళ్ళకి మంచి దారి, నల్లవాళ్ళకి వేరే దారి పెట్టారని అప్పట్లోనే పెద్ద గొడవైంది.

కబా లోయ మలేరియాకి పుట్టిల్లు. చిండిట్లు మెపాక్రిన్ లాంటివి, రేడియో, విమానం ఉండి కూడా దడిసిన చోటు అది. తాతయ్య వాళ్ళ దగ్గర ఒక మరచెంబు, బియ్యం మూట, రెండు దుప్పట్లు ఉన్నాయట. తమూ దాటాక అస్సాం టీ తోటలవాళ్ళు నడిపే శిబిరాల్లో గంజి, వేడి టీ ఇచ్చారని, ఆ టీ రుచి చచ్చేదాకా మర్చిపోనని అనేవాడు. దానికి ముందు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇంటికి చేరేసరికి మే నెల. అప్పటికే ఏప్రిల్ 6న కాకినాడ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి, మా బంధువుల ఇంటికి తాళం, వాళ్ళంతా లంకల్లోకి వెళ్ళిపోయారు. రంగంలో వదిలొచ్చిన భయం ఇంటి గుమ్మం ముందు ఎదురైందని అమ్మమ్మతో చెప్పేవాడట.

ఆయనకి ఒక అలవాటుండేది. రాత్రి పడుకునే ముందు లాంతరు దగ్గర పెట్టుకుని, తర్వాత్తర్వాత టార్చి వేసుకుని, కాలివేళ్ళ సందులన్నీ చూసుకునేవాడు. పిల్లలం ఎవరైనా వరిచేలో, కాలవలో ఆడొస్తే మా కాళ్ళు కూడా పట్టుకుని చూసేవాడు. జలగ పట్టిన చోట సున్నం రాసేవాడు, నాని తెల్లబడిన చోట పొడిగుడ్డతో తుడిచి పసుపు పెట్టేవాడు. ఊడ్పుల రోజుల్లో చేలో పనిచేసొచ్చిన ఆడవాళ్ళకి కూడా "కాళ్ళు ఆరబెట్టుకోండమ్మా" అని గుమ్మంలోంచి కేకేసేవాడు. మేం అది ముసలాయన చాదస్తం అనుకున్నాం. అడవిలో సైనికుడికి నేర్పే మొదటి పాఠం అదేనని, పాదం పుండైతే మనిషి ఆగిపోతాడు, ఆగిపోయిన మనిషిని మోసేవాళ్ళుండరు అని, నేను చదివి తెలుసుకునేసరికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

చెల్లెలి గురించి ఒక్కసారే చెప్పాడు, నేను ఇంటర్‌లో ఉండగా, కరెంటు పోయిన రాత్రి. ఆమెకి మొదట కాళ్ళు పుళ్ళు పడ్డాయి, తర్వాత జ్వరం. ముత్తాత భుజాన ఎక్కించుకున్నాడు. బస్తాలు మోసిన భుజం కదా, నాలుగు రోజులు మోశాడు. అయిదో రోజు ఆయనకీ జ్వరం వచ్చింది. అప్పుడు తాతయ్య మోశాడు, పదమూడేళ్ళ పిల్లవాడు, కొంతదూరం. ఒక వాగు ఒడ్డున దింపి నీళ్ళు పట్టబోతే ఆమె తాగలేదు. ముత్తాతకి గొయ్యి తవ్వే ఓపిక లేక, వాగు రాళ్ళు ఏరి పైన పేర్చారు.

ఆ వాగు ఎక్కడో తాతయ్యకి గుర్తుంది. తమూకి ఇవతల, చింద్విన్ నుంచి వచ్చేటప్పుడు, తమూ ఇంక ఒక్క పూట నడక ఉందనగా వచ్చే రెండో వాగు. పక్కన పెద్ద టేకుచెట్టు, పిడుగు పడి సగం మాడినది. నేను ఇప్పుడు మ్యాపులో ఆ లోయని దగ్గరగా పెట్టుకుని చూస్తాను, సన్నటి నీలం గీతలు చాలా ఉన్నాయి, ఏది రెండోదో తెలియదు. పది నెలల తర్వాత చిండిట్లు వెళ్ళింది ఆ లోయలోంచే. వాళ్ళలో ఎవరో ఒకరు ఆ రాళ్ళకుప్ప దగ్గర వీపు మీది బరువు దించుకుని, బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకునే ఉంటారు.